గాలులూ ప్రవాహాలూ ఒకే గోడపటం మీద

సముద్ర ప్రవాహాలను చూపే గోడపటాలు బజారులో చాలా కాలంగా దొరుకుతున్నాయి, ప్రపంచ పవనాలను చూపే పటాలూ దొరుకుతున్నాయి. ఈ రెండింటినీ ఒకే పటం మీద, తెలుగు పేర్లతో, చివరి బెంచీలోని పిల్లలకు కూడా కనిపించేంత పెద్దగా అచ్చువేసినది మాత్రం నల్లగొండ జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే నాకు ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇదే మొదటిసారి దొరికింది. నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గరలోని ఒక పుస్తకాల దుకాణంలో 650 రూపాయలకు కొని, విద్యా సంవత్సరం పొడుగునా తొమ్మిది, పది తరగతుల్లో వాడిన తర్వాతే ఈ సమీక్ష రాస్తున్నాను. ఖండాల తీర ప్రాంతాల శీతోష్ణస్థితిని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలనుకునే ఉపాధ్యాయులు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. అయితే హిందూ మహాసముద్రం విషయంలో ఈ పటంలో పెద్ద లోపమే ఉంది, అది మన ప్రాంతపు వానలకు నేరుగా సంబంధించినది కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువగానే రాయవలసి వస్తోంది.

పటం సుమారు 100 సెంటీమీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పైనా కిందా ప్లాస్టిక్ కడ్డీలు, తగిలించడానికి తాడు ఉన్నాయి, రెండు వైపులా లామినేషన్ చేశారు. ఆ లామినేషన్ బాగా మెరవడం వల్ల కిటికీకి ఎదురుగా వేలాడదీస్తే సగం పటం వెలుతురులో కనిపించకుండా పోతుంది, కాబట్టి కిటికీ ఉన్న గోడకే తగిలించుకోవాలి. ఉష్ణ ప్రవాహాలకు ఎరుపు, శీతల ప్రవాహాలకు నీలం, గాలులకు సన్నని గోధుమ రంగు బాణాలు వాడారు. ఎడారి తీరాలకు ఇసుక రంగు, ఎక్కువ వాన పడే తీరాలకు ముదురు ఆకుపచ్చ వేశారు. అచ్చు శుభ్రంగా ఉంది, రంగులు ఒకదానిలోకి ఒకటి చెదరలేదు.

గాలుల బాణాలను ప్రవాహాల బాణాల పక్కనే వేయడం ఈ పటం చేసిన అసలు మేలు. పాఠ్యపుస్తకాల్లో పవనాలు ఒక పాఠంలో, ప్రవాహాలు ఇంకో పాఠంలో వస్తాయి, రెండూ వేరువేరు విషయాలన్నట్టు పిల్లలు వేరువేరుగా బట్టీపడతారు. ఇక్కడ మాత్రం భూమధ్యరేఖకు ఇరువైపులా వ్యాపార పవనాలు నీటిని పడమరకు నెట్టడం, 40 డిగ్రీల అక్షాంశాలు దాటాక పశ్చిమ పవనాలు అదే నీటిని తిరిగి తూర్పుకు తోయడం ఒకే చూపులో తెలుస్తుంది. ఈ రెండు తోపుడుల మధ్య, భూభ్రమణం వల్ల, కదిలే నీటిని పక్కకు మళ్లించే కోరియాలిస్ ప్రభావంతో, ఒక్కొక్క మహాసముద్రంలో నీరు పెద్ద వలయంగా తిరుగుతుంది. ఉత్తరార్ధగోళంలో అది గడియారపు ముల్లు దిశలోను, దక్షిణార్ధగోళంలో దానికి వ్యతిరేక దిశలోను సాగుతుంది. ఫలితంగా ఉష్ణమండలంలోను, దాని అంచుల్లోను ఖండాల తూర్పు తీరాలకు వెచ్చని నీరు, పడమటి తీరాలకు చల్లని నీరు చేరుతుంది. అట్లాంటిక్‌లో గల్ఫ్ స్ట్రీమ్, పసిఫిక్‌లో కురోషియో, దక్షిణాఫ్రికా తూర్పున అగుల్హాస్ ఎర్ర బాణాలై ఖండాల తూర్పు అంచులను పట్టుకుని సాగడం, కెనరీ, కాలిఫోర్నియా, పెరూ, బెంగ్వేలా ప్రవాహాలు నీలి బాణాలై పడమటి అంచుల వెంట భూమధ్యరేఖ వైపు రావడం చూస్తే, ఇది ఒక క్రమంలో జరుగుతున్నదని ఎవరూ చెప్పకుండానే పిల్లలు పట్టేస్తారు.

పటం కింది అంచున ఒక పట్టీలో, దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్న నగరాలను జతలుగా ఇచ్చారు. ఈ పట్టీ కోసమైనా పటం కొనవచ్చని నా అభిప్రాయం. మొదటి జత పెరూలోని లిమా, బ్రెజిల్‌లోని సాల్వడార్. రెండూ భూమధ్యరేఖకు దక్షిణాన 12, 13 డిగ్రీల దగ్గర సముద్రపు ఒడ్డునే ఉన్నాయి. సాల్వడార్‌లో ఏడాదికి సుమారు 2000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, లిమాలో 20 మిల్లీమీటర్లు కూడా కష్టమే. ఈ అంకెలు చదివించినప్పుడు తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, లిమా మీద వేలు పెట్టి, "సార్, సముద్రం పక్కనే ఉన్నది గద, మరి వాన ఎందుకు పడ్తలేదు? మనకు సముద్రం దూరముంటది కాబట్టి వాన తక్కువని మీరే చెప్తిరి," అన్నాడు. 600 నుంచి 750 మిల్లీమీటర్ల వానతో, అది కూడా నమ్మకం లేకుండా, బతుకుతున్న నల్లగొండ, పాలమూరు పిల్లలకు ఆ ప్రశ్న రావడం సహజమే. మిగతా పీరియడ్ మొత్తం దానికి సమాధానంతోనే గడిచింది, పటం చివరిదాకా తోడు వచ్చింది.

లిమా దగ్గర గోధుమ రంగు బాణాలు తీరానికి సమాంతరంగా, దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంటాయి. దక్షిణార్ధగోళంలో గాలి తోసిన పైనీరు గాలి దిశకు ఎడమ వైపు జరుగుతుంది కాబట్టి, అక్కడ తీరం దగ్గరి పైనీరు పడమరకు, అంటే నడి సముద్రంలోకి వెళ్లిపోతుంది. బావిలో పైనీరు తోడేస్తే అడుగు నుంచి ఊట పైకి వచ్చినట్టు, ఖాళీ అయిన ఆ చోటికి లోతుల నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. 1802లో పెరూ తీరానికి వెళ్లిన జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ అక్కడి నీటి చల్లదనాన్ని కొలిచి నమోదు చేశాడు. గాలి తోపుకు నీరు పక్కకు ఎలా జరుగుతుందో స్వీడన్ శాస్త్రవేత్త వాగ్న్ ఎక్మన్ 1905లో గణితంతో నిరూపించాడు. చల్లని నీటి మీద ఉన్న గాలి చల్లబడి బరువెక్కి కిందనే ఉండిపోతుంది, దాని పైన ఉపోష్ణ అధిక పీడన మండలం నుంచి దిగే వెచ్చని పొడి గాలి మూతపడినట్టు పరుచుకుంటుంది. కింది గాలి పైకి లేవకపోతే మేఘం ఎదగదు, మేఘం ఎదగకపోతే వాన లేదు. తూర్పు నుంచి వచ్చే తేమగాలిని ఆండీస్ పర్వతాలు ముందే ఆపేస్తాయి. అందువల్ల లిమా మీద నెలల తరబడి బూడిద రంగు మబ్బు, పొగమంచు, సన్నని తుంపర ఉంటాయే తప్ప వాన రాదు. ఇక సాల్వడార్ దగ్గర వెచ్చని బ్రెజిల్ ప్రవాహం మీదుగా వచ్చే వ్యాపార పవనాలు నేరుగా తీరాన్ని తాకుతాయి. సముద్రం దగ్గర ఉండటం ఒక్కటే చాలదని, గాలి ఏ దిక్కు నుంచి ఎలాంటి నీటి మీదుగా వస్తుందన్నది ముఖ్యమని ఈ ఒక్క జతతో తేలిపోతుంది.

దక్షిణాఫ్రికాలోని పోర్ట్ నోలోత్, డర్బన్ జత కూడా ఇదే కథ. బెంగ్వేలా చల్లని నీటి ఒడ్డున ఉన్న పోర్ట్ నోలోత్‌కు 100 మిల్లీమీటర్ల వాన కూడా రాదు, అగుల్హాస్ వెచ్చని నీటి ఒడ్డున ఉన్న డర్బన్‌కు సుమారు 1000 మిల్లీమీటర్లు వస్తుంది. కాలిఫోర్నియా, కెనరీ తీరాలకు జతలు ఇవ్వకపోయినా, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర పొగమంచు గుర్తు, సహారా పడమటి అంచున ఇసుక రంగు సరిపోతాయి.

యూరప్ దగ్గర మాత్రం పటానికీ, పటంతో ఇచ్చిన చిన్న పుస్తకానికీ పొంతన కుదరలేదు. జతల పట్టీలో కెనడాలోని లాబ్రడార్ తీరాన ఉన్న నైన్, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో ఉన్నాయి. రెండూ 56 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉంటాయి. జనవరిలో గ్లాస్గో సగటు ఉష్ణోగ్రత సున్నాకు నాలుగు డిగ్రీల పైన ఉంటే, నైన్‌లో అది సున్నాకు 15 డిగ్రీల కన్నా కిందికి పడిపోతుంది. పుస్తకం ఈ తేడానంతటినీ గల్ఫ్ స్ట్రీమ్ ఖాతాలోనే వేసింది. మనమందరం బడిలో చదువుకున్నది కూడా అదే. కానీ 2002లో రిచర్డ్ సీగర్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం ఈ వివరణను సవరించింది. సముద్రం వేసవిలో దాచుకున్న వేడిని శీతకాలంలో విడుదల చేయడం, ఆ వేడిని పశ్చిమ పవనాలు యూరప్ మీదికి మోసుకురావడం, రాకీ పర్వతాలను దాటేటప్పుడు గాలి మార్గం వంపు తిరిగి అట్లాంటిక్ మీద నైరుతి నుంచి వీచడం, ఈ తేడాలో ఎక్కువ భాగానికి ఇవే కారణమని వారు చూపారు. ప్రవాహం తెచ్చే వేడికి ఉత్తర నార్వే, రష్యాలోని ముర్మాన్స్క్ వంటి చోట్ల ప్రాముఖ్యం ఉంది. దాదాపు 69 డిగ్రీల ఉత్తరాన ఉన్న ముర్మాన్స్క్ రేవు శీతకాలంలోనూ గడ్డకట్టకపోవడం వెచ్చని నీటి చలవే.

ఈ సంగతి పుస్తకం చెప్పకపోయినా పటం చెబుతుండటం విశేషం. నైన్ మీదికి వచ్చే గోధుమ బాణం శీతకాలంలో గడ్డకట్టుకుపోయిన కెనడా భూభాగం మీదుగా వస్తుంది, గ్లాస్గో మీదికి వచ్చే బాణం వేల కిలోమీటర్ల సముద్రం దాటి వస్తుంది. రెండూ పశ్చిమ పవనాలే. ఖండానికి పడమటి ఒడ్డున ఉంటే సముద్రపు గాలి, తూర్పు ఒడ్డున ఉంటే భూమి మీది గాలి వస్తాయి. దీనికి తోడు లాబ్రడార్ శీతల ప్రవాహం మంచుగడ్డలను తీరం వెంట దక్షిణానికి తెస్తుంది. న్యూఫౌండ్‌లాండ్ దగ్గర అది గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చని నీటి పక్కకు వచ్చే చోట దట్టమైన పొగమంచు కమ్ముకుంటుంది. జపాన్ ఉత్తరాన ఓయాషియో, కురోషియో కలిసే చోట కూడా పటం అదే పొగమంచు గుర్తు వేసింది. పుస్తకం పక్కన పెట్టి పటాన్నే నమ్ముకోవడం మంచిదని తోటి ఉపాధ్యాయులకు చెబుతున్నాను.

ఇప్పుడు హిందూ మహాసముద్రం. మిగిలిన మహాసముద్రాల్లో ప్రవాహాలు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే దిక్కున సాగుతాయి కాబట్టి ఒక బాణం చాలు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న హిందూ మహాసముద్రంలో గాలి ఏడాదికి రెండుసార్లు దిక్కు మారుతుంది, గాలితో పాటు నీరూ దిక్కు మారుతుంది. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున ఇలా జరిగే సముద్రం ఇంకొకటి లేదు. ఈ పటంలో మాత్రం జూలై నాటి బాణాలే వేశారు, సూచికలో ఆ మాట కూడా రాయలేదు. సోమాలీ ప్రవాహం ఉత్తరానికి వెళ్తున్నట్టు మాత్రమే చూపారు. నైరుతి రుతుపవన కాలంలో సెకనుకు రెండు మీటర్లకు పైగా వేగంతో ఉత్తరానికి పరుగెత్తే ఆ ప్రవాహం, ఈశాన్య గాలులు వీచే చలికాలంలో దక్షిణానికి తిరుగుతుంది. మన తూర్పు తీరం వెంబడి సాగే ప్రవాహం మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి, నవంబరులో దక్షిణానికి వెళ్తుంది. పటంలో ఆ తీరం దగ్గర బాణమే లేదు. తెలుగు పిల్లల కోసం తెలుగులో వేసిన పటంలో బందరు, విశాఖ తీరాలను ఖాళీగా వదిలేయడం నాకు చాలా బాధ కలిగించింది.

ఇందులో మనకు పోయేది ఏమిటని ఎవరైనా అడగవచ్చు. నల్లగొండ పట్టణానికి బంగాళాఖాతం సుమారు 180 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పడమటి తీరం నుంచి వచ్చే నైరుతి గాలి తన తేమలో పెద్ద భాగాన్ని పశ్చిమ కనుమల మీదనే కురిపించి, పాలమూరు చేరేసరికి పొడిబారిపోతుంది. వర్షచ్ఛాయలో ఉన్న మన జిల్లాల్లో పత్తికి, కందికి, బత్తాయి తోటలకు నీరు అందాలంటే బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఏర్పడి వాయవ్యంగా కదలాలి. అవి అక్కడ ఎందుకు అంత తరచుగా పుడతాయో చెప్పాలంటే అరేబియా సముద్రాన్నీ, బంగాళాఖాతాన్నీ పోల్చి చూపాలి. ఆఫ్రికా తూర్పు తీరం వెంట సుమారు కిలోమీటరున్నర ఎత్తులో ఉధృతంగా వీచే గాలిని 1969లో వాతావరణ శాస్త్రవేత్త ఫిండ్లేటర్ వివరించాడు. ఆ గాలి ఒత్తిడికి సోమాలియా, ఒమన్ తీరాల్లో లోతు నీరు పైకి వచ్చి, రుతుపవన కాలంలో పడమటి అరేబియా సముద్రం చల్లబడుతుంది. ఆ రోజుల్లో ఒమన్‌లోని సలాలా కొండలు మంచుతెరలో పచ్చబడతాయి, వాటికి ఉత్తరాన కొద్ది దూరంలోనే ఎడారి ఉంటుంది. బంగాళాఖాతంలో ఇంతటి చల్లదనం రాదు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, గోదావరి తెచ్చే మంచినీరు, సముద్రం మీదే పడే వాన, ఉప్పునీటి పైన తేలికైన పొరగా నిలిచి అడుగు నీటిని పైకి రానివ్వవు. పైపొర 28 డిగ్రీలు దాటి వెచ్చగా ఉండటం వల్ల అల్పపీడనాలకు కావలసిన ఆవిరి అందుతూనే ఉంటుంది. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ అంతటా ఎంత నీరు కుమ్మరించిందో పిల్లలకు గుర్తుంది. ఆ రోజు గురించి వాళ్లు చెప్పుకొచ్చిన సంగతులకు పటంలో వేలు పెట్టి చూపించడానికి నాకు ఒక్క బాణం కూడా దొరకలేదు.

ఇంకొక లోపం ఆస్ట్రేలియా పడమటి తీరం. పటంలో అక్కడ నీలి బాణం ఒక్కటే ఉంది. నడి సముద్రం వైపు శీతల ప్రవాహం ఉత్తరానికి సాగే మాట నిజమే, కానీ ఒడ్డుకు ఆనుకుని ల్యూయిన్ అనే వెచ్చని ప్రవాహం దక్షిణానికి వెళ్తుంది, శీతకాలం దగ్గరపడే నెలల్లో అది బలంగా ఉంటుంది. పసిఫిక్ నుంచి ఇండోనేషియా దీవుల మధ్యగా వచ్చే వెచ్చని నీరు దీనికి ఆధారం. పెరూ, నమీబియా తీరాల్లాగా ఇక్కడ లోతు నీరు పెద్ద ఎత్తున పైకి రాకపోవడానికి కారణం ఇదే. పడమటి తీరాలన్నిటికీ శీతల ప్రవాహమేనన్న సూత్రానికి ఇది మంచి మినహాయింపు. దీన్ని చూపకపోతే పిల్లలు సూత్రాన్ని నేర్చుకుంటారు కానీ, దాని వెనక ఉన్న కారణం వాళ్లకు అందదు.

పటం మధ్యలో ఆఫ్రికా, భారతదేశం వచ్చేలా అమర్చడం వల్ల పసిఫిక్ మహాసముద్రం రెండు ముక్కలై కుడి అంచుకూ ఎడమ అంచుకూ చేరింది. మామూలు రోజుల్లో దీనివల్ల నష్టం లేదు. ఎల్‌నినో చెప్పేటప్పుడు మాత్రం వెచ్చని నీరు ఇండోనేషియా వైపు నుంచి పెరూ వైపుకు జరగడాన్ని చూపడానికి చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకు దూకాలి. భారత వాతావరణ శాఖకు 1904 నుంచి 1924 వరకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, మన రుతుపవనాలను ముందే అంచనా వేయాలన్న తపనతోనే పసిఫిక్‌కు ఇరువైపులా వాయుపీడనం తక్కెడలా ఊగుతుందని గుర్తించాడు. మన కరువుల చరిత్రతో ఇంత దగ్గరి సంబంధం ఉన్న సముద్రాన్ని ముక్కలు చేయకుండా, కింద ఒక చిన్న పటంలోనైనా పూర్తిగా చూపి ఉండవలసింది. 2015లో ఎల్‌నినో వచ్చి దేశమంతటా వాన 14 శాతం తగ్గింది, తెలంగాణ కరువు చూసింది. 1997లో అంతకు తక్కువ కాని ఎల్‌నినో వచ్చినా దేశంలో వాన మామూలుగానే కురిసింది. హిందూ మహాసముద్రంలోనే పడమర వెచ్చబడి తూర్పు చల్లబడే మరో ఊగిసలాటను 1999లో శాస్త్రవేత్తలు గుర్తించారు, 1997లో అది మనకు అనుకూలంగా ఉంది. పై తరగతుల పిల్లలు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి అడుగుతారు కాబట్టి వచ్చే ముద్రణలో ఈ సంగతులకు చోటు ఇవ్వాలని ప్రచురణకర్తలకు విడిగా ఉత్తరం కూడా రాశాను.

పేర్ల అచ్చులో తప్పులు తక్కువే. బెంగ్వేలా ఒక చోట ఒకలా, పట్టీలో ఇంకోలా ఉంది. వ్యాపార పవనాలు, పశ్చిమ పవనాలు అన్న పేర్లు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంచడం మంచి పని. దుకాణం వారు మొదట ఇచ్చిన పటానికి కింది కడ్డీ ఊడిపోతే మారు మాట లేకుండా మార్చి ఇచ్చారు.

కొన్నవారు చేసుకోదగిన చిన్న పని ఒకటి ఉంది. లామినేషన్ మీద స్కెచ్ పెన్నుతో గీస్తే తడిగుడ్డతో చెరిగిపోతుంది, కాబట్టి సోమాలియా, కోస్తా ఆంధ్ర తీరాల దగ్గర నవంబరు బాణాలను, ఆస్ట్రేలియా పడమటి ఒడ్డున ఎర్ర బాణాన్ని పాఠం చెప్పే రోజున పిల్లలతోనే గీయించవచ్చు. నేను అలాగే చేయిస్తున్నాను. గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి కోసం ఇదే పటాన్ని మడిచే కాగితంగా 60 రూపాయలకు అమ్ముతున్నారు కానీ, అందులో అక్షరాలు కళ్లకు ఆనవు, జతల పట్టీ కూడా తీసేశారు. ఆ పట్టీ లేని పటాన్ని కొనమని నేను చెప్పను. గోడకు చోటు ఉంటే పెద్దదే కొనండి, లేకపోతే దగ్గరలోని బడికి వెళ్లి చూసి రాసుకోండి.